కప్పిపుచ్చుటయా? కాపాడుటయా?



కప్పుటను గూర్చి సామెతల గ్రంథములో రెండు మాటలున్నవి. తన దోషమును మరుగుచేసికొనువానికి మేలు కలుగదని 28వ అధ్యాయము 13వ వచనము తెలుపుచున్నది. ప్రేమయైతే ఎదుటివారి తప్పులమీద దుప్పటి పరచునని 10వ అధ్యాయము 12వ వచనపు భావము. ఇంతకు కప్పుట మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్నను ఒక కొయ్యపని సహాయముతో ఆలోచింతము.

ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో తెరచాప పడవలమీద దూరప్రయాణములు చేయువారు గలరు. అట్టి పడవ కడుపులో వండుకొనుటకును పండుకొనుటకును ఒక చిన్న గది యుండును. దానిని క్యాబిన్ అందురు. దాని నేలను కొయ్యపలకలతో పరచుదురు. ముదురురంగు టేకు పట్టీల నడుమ హాలీ అను తెల్లని కొయ్యను సన్నని గీతలవలె పొదుగుట వాడుక. ఆ పలకల క్రింద, పడవ అడుగున, ఒక పల్లముండును. సందులలోనుండి ఊరిన నీరును, తడిబట్టలనుండి కారిన నీరును అక్కడనే చేరును. కావున పాత పడవలో ఈ నేలకు వచ్చు పెద్ద హాని పైన నడచువారి పాదములవలన గాక, క్రిందనున్న తడివలన కలుగును.

వార్నీషు పెచ్చులూడి, నల్లమచ్చలు పడినప్పుడు యజమానుని యెదుట రెండు త్రోవలుండును. మొదటిది సులువైనది. పలకలను కదలింపక, పైన గరుకు కాగితముతో రుద్ది వార్నీషు పూయుటయే. పని త్వరలో ముగియును, నేల అద్దమువలె మెరయును.

రెండవది దీర్ఘమైనది. ప్రతి పలకయు పడవ వంపునకు సరిపడ కోయబడినది గనుక ఒకదాని చోట మరియొకటి ఇముడదు. కావున అడుగున అంకెలు వేసి వాటిని పైకెత్తవలెను. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుకొనును గనుక మంచినీటితో కడిగి, అనేక దినములు నీడలో ఆరబెట్టవలెను. దబ్బనముతో గ్రుచ్చి చూడవలెను. మొన మెత్తగా దిగినచోట కొయ్య చీకినదని తెలియును. ఆ భాగమును కోసివేసి క్రొత్త కొయ్యను అతుకవలెను. తరువాత కొయ్య చారల వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూతను టర్పెంటైనుతో పలుచన చేసి కొయ్యకు త్రాగింపవలెను. అడుగు ప్రక్కకును, కోసిన అంచులకును మరువక పూయవలెను. నీరు ఎక్కువగా ఆ అంచులలోనుండియే లోనికి పోవును. పిమ్మట ఒక పూత ఆరిన తరువాత మరియొక పూత వేయవలెను.

కొయ్యను చీకచేయునది ఒక విధమైన బూజు. కొయ్యలో తడి నూటికి 20 వంతులకు లోబడియున్నంత కాలము అది పెరుగదు. ఎండిన కొయ్యకు వేసిన పూత తడిని వెలుపట నిలుపును. తడిసిన కొయ్యకు వేసిన పూతయో, తడిని లోపలనే బంధించి ఆ బూజును పోషించును. డబ్బా అదే, కుంచె అదే, పూసిన చేయి అదే. ఒకచోట అది కాపుదల, మరియొకచోట నాశనమునకు తోడు. భేదము పూతలో లేదు. పూయకముందు పలక ఎత్తి చూచితిమా లేదా అనుదానిలో నున్నది.

ఇప్పుడు ఆ పడవను అమ్మిరనుకొనుడి. కొన్నవాడు తన భార్యాబిడ్డలతో సముద్రముమీదికి పోవును. గాలివానలో ఆ నేలమీదనే కాలూని నిలువవలెను. చీకిన పలక విరిగి అతడు పడినయెడల అమ్మినవాడు, నేను అబద్ధమేమియు పలుకలేదే అనవచ్చునా? నోరు పలుకకపోయినను కుంచె పలికినది.

ఒక మెట్ట పొలములో పడియున్న పాత పడవను అమెరికావాడగు జాషువా స్లోకం 1892లో చేపట్టెను. ఇది మసాచుసెట్సులోని ఫెయిర్‌హావెన్‌లో జరిగెను. ఆయన దానికి రంగు పూసి సరిపెట్టలేదు. 13 నెలలు శ్రమించి, చెట్టు నరికి, అడుగు దూలము మొదలుకొని క్రొత్త కొయ్య వేసెను. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. 1895 ఏప్రిలులో బోస్టన్ విడిచి, 1898 జూనులో తిరిగి స్వదేశము చేరెను. ఒంటరిగా తెరచాపతో భూమిని చుట్టివచ్చినవారిలో మొదటివాడు ఆయనయే. తన ప్రాణము నిలువవలసిన కొయ్యను ఎవడును పైపైన చూచి విడువడు. ఇతరుల ప్రాణము నిలువవలసిన కొయ్య యెడలనే మన చేయి సులువైన త్రోవ వెదకును.

అయితే ప్రతి లోపమును ఊరంతటికి చాటవలెనా? అదియు కాదు. బాగుచేసిన పలకను పూత లేక విడిచినయెడల అది మరల తడిసి చెడును. మరియు నేటి క్యాబిన్ నేలలు అనేకము ప్లైవుడ్డుమీద అంటించిన పలుచని టేకు పొరతో చేసినవి. ఆ పొర తరచుగా ఒక మిల్లీమీటరు మందమైనను ఉండదు. చివరి మచ్చ పోవువరకు రుద్దెదనని పట్టుపట్టినవాడు పొరనే చీల్చి పలకను పాడుచేయును. అనుభవముగల పనివాడు కొన్ని మచ్చలను ఉండనిచ్చి వాటిమీదనే పూయును. ఒప్పుకొని దిద్దుకొనిన సహోదరుని పాత తప్పును మరల మరల గీకువారు ఈ మాట ఆలోచింతురు గాక. సామెతలలోని రెండవ మాట ఇట్టి చోటికే చెల్లును.

నోవహు ఓడకు లోపటను వెలుపటను కీలు పూయుమని దేవుడు ఆజ్ఞాపించెను (ఆది. 6:14). ఆ పూయుటను తెలుపు హెబ్రీ మాటయు, పాపమునకు ప్రాయశ్చిత్తము చేయుటను తెలుపు హెబ్రీ మాటయు ఒకే మూడు హల్లులతో కూడినవి. దేవుడు కప్పుట పైమెరుగు కాదు. ఆయన లోపల చూచి కప్పును.

మన యిండ్లలో పడవలు లేకపోవచ్చును. సంతకు తోలుకొనిపోవు ఎద్దు కలదు. పెండ్లి సంబంధములో చెప్పక దాచు రోగము కలదు. సంఘపు లెక్కల పుస్తకము కలదు. వీటిలో దేనినైనను కప్పబోవునప్పుడు మనలను మనము ఒక ప్రశ్న అడుగుకొందము: ఈ నేలమీద నిలువబోవు మనుష్యునికి దీని క్రింద నున్నది చెప్పగలనా? చెప్పగలిగినయెడల ధైర్యముగా పూయవచ్చును. చెప్పలేనియెడల కుంచె ప్రక్కన పెట్టి, ముందు పలక పైకెత్తుదము.