వేరు ఒక్కటే తాగదు

మొన్నటి వీడియోలో తులసి కుండీ గురించి రెండు మాటలు చెప్పి వదిలేశాను కదా. "ఆ వేళ్ల సంగతి పూర్తిగా చెప్పండి" అని చాలామంది అడిగారు. అందుకే ఈ పోస్ట్.

మా ఫ్లాట్ బాల్కనీలో తులసి మూడుసార్లు ఎండిపోయింది. ప్రతిసారీ కొత్త మొక్క తెచ్చేవాణ్ణి. వేళ్లకి అంటుకున్న పాత మట్టిని శుభ్రంగా కడిగేసి, ఉత్త కోకోపీట్‌లో పెట్టి, గుప్పెడు డీఏపీ వేసేవాణ్ణి. రోజూ దీపం పెడుతున్నా, నీళ్లు పోస్తున్నా, మరి ఎందుకిలా అని దేవుడి మీద కాస్త అలిగాను కూడా. నాలుగోసారి వెళ్తే నర్సరీలో పనిచేసే పెద్దావిడ నవ్వింది. "మట్టి మొత్తం కడిగేస్తే ఎట్ల బిడ్డా? పాత మట్టి కొంచెం ఉండనియ్యాలె. ఎరువు అంతగనం వెయ్యొద్దు" అంది.

డీఏపీ అంత వేయడం నా పెద్ద తప్పు, అందులో సందేహం లేదు. కానీ "పాత మట్టి ఎందుకు?" అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. కూర్చుని చదివాను.

మట్టిలో భాస్వరం ఉంటుంది. కానీ అది నీళ్లతో పాటు సులువుగా కదిలి రాదు, మట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని ఉండిపోతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకుంటుంది. ఆ తర్వాత కాస్త పక్కనే నిల్వ ఉన్నా దానికి అందదు. అంటే అన్నం గిన్నె ఎదురుగా ఉండి చెయ్యి చేరని పరిస్థితి. అక్కడికి చేరేది ఒక శిలీంధ్రం. బూజు, పుట్టగొడుగుల తరహా జీవి. దాని పోగులు వేరు మీది నూగు కంటే కూడా సన్నం. వేరు దూరలేని సందుల్లోకి దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతల నుంచి భాస్వరం, జింకు మోసుకొస్తాయి. వేరు కణంలోపల చిన్న చెట్టులా కొమ్మలు వేసి, అక్కడ అప్పగిస్తాయి.

ఊరికే కాదు. ఆకులు ఎండలో వండిన చక్కెరలు, కొవ్వులు బదులుగా తీసుకుంటాయి. మొక్క తయారు చేసుకున్న కర్బనంలో సుమారు 4 నుంచి 20 శాతం దాకా ఇలా కిందికి వెళ్తుందని అంచనా. ఈ శిలీంధ్రం తనంతట తాను వండుకోలేదు. మొక్క పెట్టకపోతే దానికి తిండి లేదు.

ఇలాంటి బంధానికి 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 'మైకోరైజా' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'శిలీంధ్రం', 'వేరు' అనే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరు అది. ఆవాలు, క్యాబేజీ కుటుంబం లాంటి కొన్నింటిని వదిలేస్తే, నేల మీది మొక్కల్లో ఎక్కువ భాగం ఈ స్నేహం మీదే బతుకుతున్నాయి. మన తులసి, మామిడి, కంది, మొక్కజొన్న అన్నీ అందులోవే. నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. స్కాట్లండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మొక్కల్లోనూ ఈ శిలీంధ్రాలు కనిపించాయి. ఆ మొక్కల్లో కొన్నింటికి అసలు వేళ్లే లేవు. అంటే వాటికి వేరు కంటే ముందే తోడు ఉంది!

ఇప్పుడు గీత మూడో అధ్యాయం గుర్తు చేసుకోండి. ప్రజాపతి మనుషుల్ని యజ్ఞంతో పాటే సృష్టించాడని కృష్ణయ్య చెప్తాడు. మీరు దేవతల్ని పోషించండి, వాళ్లు మిమ్మల్ని పోషిస్తారు, అదే మీకు శ్రేయస్సు అంటాడు. వాళ్లిచ్చింది తిని తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ణి నేరుగా దొంగ అనేస్తాడు. "మన ఋషులకి మైకోరైజా ముందే తెలుసు" అని నేను అనట్లేదు. దయచేసి అలా ఫార్వర్డ్ చేయకండి. గీత చెప్తున్నది ధర్మం. అది మట్టి కింద కూడా నడుస్తోందని నాకు అనిపించింది, అంతే.

అసలు పాఠం ఇంకా ముందుంది. మట్టిలో భాస్వరం ఎరువు దండిగా వేస్తే మొక్క ఈ శిలీంధ్రాన్ని పెద్దగా లోపలికి రానివ్వదు. అన్నీ సులువుగా దొరుకుతున్నప్పుడు తోడుకి పెట్టడం ఎందుకు? బంధం సన్నబడిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకు నేనే గుర్తొచ్చాను. జీతం వస్తోంది, యాప్ నొక్కితే పాల నుంచి మందుల దాకా గుమ్మంలోకి వస్తున్నాయి. ఎవరితో పని? రెండేళ్ల క్రితం ఓ వర్షం రాత్రి, రెండింటికి అమ్మకి ఊపిరాడలేదు. క్యాబ్ దొరకలేదు, లిఫ్ట్ ఆగిపోయింది, మాది నాలుగో అంతస్తు. ఆ బిల్డింగ్‌లో అప్పటికే ఐదేళ్లుగా ఉంటున్నాను. ఏ తలుపు కొట్టాలో తెలియలేదు. చివరికి వాచ్‌మన్ అన్న, ఆయన భార్య వచ్చి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించారు. ఆయనే వానలో పరిగెత్తి ఆటో తెచ్చాడు. అమ్మ దక్కింది. ఇంటికొచ్చాక కృతజ్ఞత చెప్దామని వెళ్తే, ఆయన పేరు నాకు తెలీదు! ఐదేళ్లు గేటు తీయించుకున్నాను, ప్రవచనాలు చెప్పుకుంటూ. గీతలో ఆ 'దొంగ' అన్న మాట ఆ రోజు నా చెవిలోనే పడింది.

"ఎవరి మీదా ఆధారపడకూడదు గురూగారూ" అని మీలో చాలామంది రాస్తుంటారు. కష్టపడి నిలబడటం మంచిదే. కానీ పుట్టుకతోనే ఋణాలున్నాయని మన సంప్రదాయం చెప్పింది మనల్ని చిన్నబుచ్చడానికి కాదు. తీసుకోవడం సిగ్గు కాదని, తీసుకుని మర్చిపోవడమే తప్పని చెప్పడానికి.

ఈ వారం ఒక చిన్న యజ్ఞం చేద్దాం. హోమగుండం అక్కర్లేదు. మీ రోజు నడవడానికి కారణమైన ఒక్క మనిషి పేరు కనుక్కోండి. వంటమ్మ కావచ్చు, చెత్త తీసుకెళ్లే అన్న కావచ్చు. ఆయన పిల్లలేం చదువుతున్నారో అడగండి. మీకు చేతనైనది ఒకటి చేయండి. అలాగే మీరు కష్టంలో ఉంటే దాచుకోకుండా ఒకరికి ఫోన్ చేయండి. అదీ యజ్ఞంలో భాగమే.

నాలుగో తులసిని పాత మట్టితోనే నాటాను. కొత్త చిగుళ్లు వేసింది. రోజూ నీళ్లు పోసేటప్పుడు ఇప్పుడు ఆకులకే కాదు, కనిపించని ఆ పోగులకి కూడా దణ్ణం పెట్టుకుంటున్నాను.

సర్వం శ్రీకృష్ణార్పణం.