ధర్మరాజు ఒడ్డకూడనిది ఏమిటి?

రాకెట్ కంపెనీల్లో డబ్బు పెట్టొచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు.

2022 నవంబర్ 18న హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరినప్పుడు నాకూ ఆశ పుట్టింది. కానీ ఈ రంగం అలాంటిది: స్పేస్‌ఎక్స్ మూడుసార్లు విఫలమై నాలుగోసారి గెలిచింది. వర్జిన్ ఆర్బిట్ నాలుగుసార్లు గెలిచి కూడా 2023లో దివాలా తీసింది.

సభాపర్వం గుర్తు చేసుకోండి. ధర్మరాజు సొమ్ము పోయాక ఆగలేదు. తమ్ముళ్లనీ, ద్రౌపదినీ ఒడ్డాడు. ఘోరం అక్కడే జరిగింది. నా దగ్గరున్నది చెల్లి చదువుకి దాచిన డబ్బు. దాన్ని ఒడ్డే హక్కు నాకు లేదు, అందుకే పెట్టలేదు.

పోయినా ఇంట్లో ఎవరికీ కన్నీళ్లు రానంత సొమ్మైతే పెట్టండి, ఫలం స్వామికి వదిలేయండి. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.