నీటిలో నిలిచిన మోళ్లు

పెరియార్ సరస్సుపై పడవలో పోయే యాత్రికుని కంట ముందుగా పడేవి ఏనుగులు కావు. నీటి నడుమ నల్లగా నిలిచియున్న చెట్ల మోళ్లు. 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట పూర్తియై, నీరు నిండి, అడవి మునిగినది. దాని ఆనవాళ్లే యివి. వాటి కొనలపై నేడు నీటికాకులు రెక్కలారబెట్టుకొనుచుండును.

ఆనకట్ట కట్టినవారి మనసులో మృగరక్షణ లేదు. పడమటికి పారే నదిని కొండ తొలిచిన సొరంగం గుండా తూర్పునకు మళ్లించి, వైగై లోయలోని మధుర సీమ పొలాలను తడుపవలెనన్నదే వారి సంకల్పము. అందుకై తిరువాన్కూరు 1886లో 8000 ఎకరాలను ఎకరమునకు అయిదు రూపాయల చొప్పున 999 ఏండ్లకు కౌలుకిచ్చినది. సరస్సు చుట్టునున్న అడవి 1934లో మృగరక్షితము, 1950లో పెరియార్ అభయారణ్యము, 1978లో పులుల రక్షితప్రాంతము అయినది. వేసవిలో నీరు తీయగా ఒడ్డున మొలచే పచ్చికకు ఏనుగులు దిగివచ్చును.

తలపెట్టని మేలుకు పుణ్యమెవరిది? గోదావరి డెల్టాలో కాటన్‌దొరకు దక్కిన గౌరవమే మధుర సీమలో పెన్నీక్విక్‌కు దక్కినది. ఆ నీటితో పండిన అన్నము తినేవాడు ఆయనకు మ్రొక్కుట న్యాయమే. నాకు ఆక్షేపణ లేదు. కాని నేటి ఏనుగులను చూపి, నాడు మునిగిన అడవి లెక్క తీరినదనుట నాకు మింగుడుపడదు. కౌలు పత్రముపై ఆ అడవి సంతకమున్నదా? జ్వరములకు బలియైన కూలీల సంతకమున్నదా? అడవి లోపలి నుండి కుమిళి అంచునకు తరలింపబడిన మన్నాన్, పళియ జనుల సంతకమున్నదా? మేలు జరిగినది, నిజమే. అది వీరి బాకీలో జమ కాలేదు.

'అభయారణ్యము' అన్న మాట హిందీలోనూ ఉన్నది, తెలుగులోనూ ఉన్నది. అనువాదకునికి శ్రమలేని మాట; అందుచేతనే కాబోలు, దానిపై నా చూపు చాలాకాలము నిలువలేదు. భయపెట్టగలవాడే గదా అభయమీయగలడు! ముంచిన చేయీ కాచిన చేయీ మనిషివే. అయినను ఆ చేయి మారదని అనలేము. ఈ అడవిలోనే చెట్ల బెరడు దొంగిలించి అమ్ముకొన్న కొందరు 1990 దశకపు చివర కావలివారైనారు. ఏ దారిన దొంగ వచ్చునో వారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

మన్నాన్ జాలరులు నేటికిని వెదురు తెప్పలపై ఆ మోళ్ల నడుమ వలలు వేయుదురు. మునిగిన కొమ్మకు వల చిక్కుకొనినచో తెప్ప ఆపి, చిరుగకుండ మెల్లగా విడదీసికొందురు.