ఖాకీ చొక్కా మీద పేరు

తెల్లవారుజామున మా ఆశ్రమ పాఠశాల ముందున్న తారురోడ్డు మీద నలుగురైదుగురు పిల్లలు పరిగెత్తుతుంటారు. కొందరు డిగ్రీ అయినవాళ్లు, కొందరు ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో 1600 మీటర్లు టైములోపల పరిగెత్తాలి కదా, దానికి తయారీ. ఒకరోజు చలిమంట దగ్గర కూర్చున్న ముసలాయన వాళ్లను చూసి గాబరాగా లేచాడు. "ఎవర్రా తరుముతుంది? జీపొచ్చిందా?" అన్నాడు. పిల్లలు ఆగి పగలబడి నవ్వారు. "ఎవరూ తరమట్లేదు తాతా, మేమే పోలీసులం కాబోతున్నాం" అన్నాడొకడు. తాత మళ్లీ కూర్చున్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. బడిలో పాఠం చెబుతున్నంతసేపూ ఆ మాట వదల్లేదు. ఆయన చూసిన లోకంలో మనిషి పరిగెత్తుతున్నాడంటే వెనకాల ఖాకీ ఉన్నట్టే. ఈ పిల్లలకు ఖాకీ ముందు ఉంది, దాన్ని అందుకోవడానికి పరిగెత్తుతున్నారు. ఒకే రోడ్డు మీద, ఒకే పొద్దున ఈ రెండూ ఉన్నాయి. తాతది పాతకాలం, పిల్లలది కొత్తకాలం అని తేల్చేసి ఊరుకోవచ్చు. కానీ తాత భయానికి లెక్క ఉంది.

1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది కల్లు మీద వేసిన పన్నుకూ, దాని వంకతో పోలీసులూ మన్సబ్‌దారూ చేసిన వసూళ్లకూ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం సోదరులూ ఇతర మన్యం వీరులూ మొదట వెళ్లింది చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంను కాల్చింది నిజాం పోలీసులు. అంతకు ముందే ఆయన జనాన్ని పోడు భూముల నుంచి తరిమింది జంగ్లాత్ వాళ్లు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగితే 13 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది, గూడేల్లో చెప్పుకునే లెక్క ఇంకా పెద్దది. 2007లో వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. పదహారేళ్ల తర్వాత కేసు కొట్టేస్తూ, దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే అన్నది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమన్నది. ఇవన్నీ తాతకు తారీకులతో తెలియవు. జీపు శబ్దం రూపంలో తెలుసు.

ఇప్పుడు పట్నం సంగతి చూడండి. జనవరి 26న టీవీలో సరిహద్దు జవాను కనిపిస్తే ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కుతారు. ఆ సాయంత్రమే హెల్మెట్ లేదని ఆపిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను అదే ఇంటాయన నోటికొచ్చినట్టు తిడతాడు. ఇద్దరూ యూనిఫారం వేసుకున్న ప్రభుత్వ ఉద్యోగులే. ఒకడు దేవుడు, ఒకడు మామూళ్లు తినేవాడు ఎలా అయ్యారు? నాకు తోచింది ఒకటే, జవాను దూరంగా ఉన్నాడు. ఆయన ఆపేది మనల్ని కాదు, అవతలివాళ్లను. మన బండిని ఆపే చేయి మీద మాత్రం మనకు గౌరవం ఉండదు.

మనకు ఆ దూరం లేదు. కోయవాళ్లకు సరిహద్దు అంటే లడఖ్ కాదు. గోదావరి ఒడ్డున ఒక అత్తగారిల్లు, శబరి దాటితే ఇంకో మేనమామ ఇల్లు. మధ్యలో తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ అని గీతలు వచ్చాయి, గీతల మీద చెక్‌పోస్టులు వచ్చాయి, వాటి పక్కన క్యాంపులు వచ్చాయి. పెళ్లికి పోతుంటే "ఎక్కడికి? ఎందుకు? సంచిలో ఏముంది?" అని అడిగే మనిషే మనకు సరిహద్దు అధికారి. పట్నపాయన టీవీలో మొక్కే జవానూ, మన సంచిలో చేయి పెట్టే జవానూ ఒకడే కావచ్చు. పోస్టింగ్ మారిందంతే.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పదిమంది మన పోలీసులు చనిపోయారు. ఏటా అక్టోబరు 21న పోలీసు అమరుల దినం జరిపేది అందుకే. అడవి శాఖకూ ఇలాంటి రోజు ఉంది, సెప్టెంబరు 11. ఆ తారీకు ఎక్కడినుంచి వచ్చిందో చాలామంది గార్డులకే తెలియదు. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీ ఊళ్లో చెట్లు కొట్టడానికి రాజుగారి మనుషులు వస్తే, చెట్లను కౌగిలించుకుని 363 మంది బిష్ణోయి జనం ప్రాణాలిచ్చారు. అంటే అడవి సిబ్బంది తమ అమరుల్ని తలచుకునే రోజు, అసలుకు సర్కారు మనుషుల చేతిలో చనిపోయిన ఊరివాళ్ల రోజు. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. అడవిని కాపాడిన వాళ్లు ఎవరు, కొట్టినవాళ్లు ఎవరు అని బట్టలు చూసి చెప్పలేమని ఆ తారీకే చెబుతోంది.

దీని వెనక ఒక ప్రశ్న ఉంది. యూనిఫారం వేసుకున్నాక లోపలి మనిషి ఉంటాడా, పోతాడా?

పోతాడనే మాట రెండువైపులా వింటాం. ఆ డ్రెస్సులో ఉన్నవాడు "నాదేముంది, పైనుంచి ఆర్డరు" అంటాడు. మనం "వాళ్లంతా అంతే" అంటాం. వినడానికి ఇవి ఎదురెదురు మాటలు, నిజానికి రెండింటి కింద ఉన్న నమ్మకం ఒకటే, అక్కడ మనిషి లేడు, బట్టే ఉందని. ఆ నమ్మకంతో ఆయన తను చేసినదాని నుంచి తప్పించుకుంటాడు. మనం ఆయన్ని కొట్టొచ్చు అనుకుంటాం.

చట్టం కూడా మనిషి పోయాడని ఒప్పుకోదు. పై అధికారి ఆజ్ఞ మీద సైనికుడు గుంపు మీద కాల్చితే నేరం కాదని పాత శిక్షాస్మృతి 76వ సెక్షన్‌లో ఉదాహరణ ఉంది, కొత్త న్యాయసంహితలో అది 14. అయితే అందులో ఒక షరతు ఉంది, ఆ ఆజ్ఞ చట్టానికి లోబడి ఉండాలి. ఉందా లేదా అని చూసుకోవలసింది ఎవరు? తుపాకీ పట్టుకున్నవాడే. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో చంద్రసింగ్ గఢ్వాలీకి ఆ సమయం వచ్చింది. నిరాయుధంగా నిలబడ్డ పఠాన్ల మీద కాల్చమన్నారు. ఆయనా, ఆయన తోటి గఢ్వాల్ సిపాయిలూ కాల్చలేదు. సైనిక కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది, పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ రోజు ఆ యూనిఫారం లోపల మనిషి ఉన్నాడు. అలా ఉండటం ఆయనకు ఎంత ఖరీదయిందో కూడా పిల్లలకు చెప్పాలి. ఊరికే వీరుడని చెప్పి వదిలేస్తే అబద్ధం నేర్పినట్టే.

ఇక మనం మాట్లాడటానికి ఇష్టపడని విషయం. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర అడవిలో ఫారెస్టు రేంజర్ చలమల శ్రీనివాసరావును గుత్తికోయలు నరికి చంపారు. ప్లాంటేషన్ మొక్కల దగ్గర పశువుల విషయంలో మొదలైన గొడవ. ఇద్దరికి కోర్టు జీవిత ఖైదు వేసింది. ఆ వార్త వచ్చిన రోజు మన వాళ్ల నోట రెండు మాటలు విన్నాను. "పాపం" అన్నవాళ్లున్నారు. "వాళ్లు మనల్ని ఎంత ఏడిపించారు" అన్నవాళ్లూ ఉన్నారు. రెండో మాట అన్నవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. మనల్ని ఏడిపించింది ఆయనా? ఏ రోజు, ఏ ఊళ్లో? ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. వందేళ్ల జంగ్లాత్ జులుం అంతా ఆ ఒక్క మనిషి ఒంటిమీద ఉందనుకున్నారు.

తర్వాత జరిగింది చూడండి. గుత్తికోయలు మొత్తం ఊరు వదిలి ఛత్తీస్‌గఢ్ పోవాలని గ్రామంలో తీర్మానం చేశారు. నరికింది ఇద్దరు, పొమ్మన్నది పిల్లాజెల్లా అందరినీ. ఇక్కడ బట్ట లేదు, జాతి పేరు ఉంది. కానీ తప్పు అదే తప్పు.

అసలు ఆ గుత్తికోయలు ఇక్కడికి ఎందుకొచ్చారు? 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడితే, అటు మావోయిస్టులకూ ఇటు జుడుంకూ మధ్య నలిగి గోదావరి ఇవతలికి వచ్చారు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, పట్టా లేదు. అక్కడ వాళ్ల ఊళ్ల మీదికి తుపాకీలతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎస్పీఓలు, అంటే స్పెషల్ పోలీసు ఆఫీసర్లు. అయిదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లను నెలకు 3000 రూపాయల గౌరవ వేతనంతో పెట్టుకున్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని ఆపేయమన్నది. ఆదివాసీని ఆదివాసీ తరిమాడు, తరిమినవాడు యూనిఫారంలో ఉన్నాడు. అలా తరమబడి వచ్చినవాళ్లలో కొందరు ఇక్కడ ఇంకో యూనిఫారం మనిషిని నరికారు. ఇందులో ఎవరిని "వాళ్లు" అని వేరుచేసి ఒక పక్క నిలబెడతాం?

అయితే రెండు పక్కలా ఒకేలా తూచి కూర్చోవడం కూడా నాకు నచ్చదు. ఖాకీ సాయంత్రానికి కొక్కేనికి తగిలించవచ్చు. గుత్తికోయ పుట్టుక కొక్కేనికి తగలదు. ఖాకీ వెనక స్టేషన్ ఉంది, కోర్టు ఉంది, జీపు ఉంది. మన వెనక ఉన్నది అడవి, అదీ ఇప్పుడు రిజర్వు. అందుకే తాత భయమూ, బీట్ ఆఫీసరు అనుమానమూ ఒకే తక్కెడలో పెట్టవలసినవి కావు. అధికారం ఉన్నవాడి మీద బాధ్యత ఎక్కువ. బాధ్యత ఎక్కువ కాబట్టే ఆయన్ని మనిషిగా నిలబెట్టి అడగాలి. బట్టను ఏం అడుగుతాం?

మన మాటతీరు చూడండి. ఇరవై రెండేళ్ల గార్డు డెబ్భై ఏళ్ల తాతను "ఏయ్, ఇటు రా" అంటాడు. తాత "సారూ" అంటాడు. గార్డు బండి మలుపు తిరగ్గానే తాత "వాడు" అంటాడు. ఆ "సారు"లో గౌరవం లేదు, ఆ "వాడు"లో ధైర్యం లేదు.

ఒకసారి పదో తరగతి పిల్లల్ని అడిగాను, మీ గూడెం బీట్ ఆఫీసరు పేరేంటి అని. ముప్ఫైమందిలో ఒక్కరికీ తెలియదు. ఆయన మూడేళ్లుగా వారం వారం వస్తున్నాడు. ఆయన్నీ అడిగాను, ఆయనకు గూడెంలో పేరుతో తెలిసింది ఇద్దరు, సర్పంచూ కిరాణాకొట్టు ఆయనా. పేరు తెలియని చోట దెబ్బ కొట్టడం సులువు, రెండువైపులా. చొక్కా మీద పేరుపలక ఉన్నది ఇందుకేనని నా అనుకోలు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసులు పేరూ హోదా స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలన్నది. ఆ రోజునుంచి "మీ పేరేంటి సార్?" అని అడగడం పిల్లలకు నేర్పుతున్నాను. మొదట్లో ఒక చెక్‌పోస్టు దగ్గర ఇలా అడిగిన పిల్లాణ్ణి అరగంట ఎండలో నిలబెట్టారు. వాడు ఇంటికొచ్చి నన్ను తిట్టాడు. నాకు తిట్టు సబబుగానే తోచింది. అయినా నేర్పుతూనే ఉన్నాను.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయికి బీట్ ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. గూడెమంతా మేకను కోసి పండగ చేసుకుంది. రెండేళ్లకు పోడు చెక్కల మీద కందకం తీయించే డ్యూటీ పడింది అతనికి. అందులో సొంత పెద్దమ్మ చెక్క ఒకటి. అటవీ హక్కుల చట్టం 4(5) ప్రకారం, హక్కుల గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా అడవిలో సాగు చేసుకుంటున్న ఆదివాసీని భూమి మీదనుంచి తీసేయకూడదు. పెద్దమ్మ దరఖాస్తు పెండింగులో ఉంది. ఆ మాటే కాగితం మీద రాసి పై అధికారికి పెట్టాడు. పని రెండు వారాలు ఆగింది. తర్వాత వేరే బీటు నుంచి మనుషులొచ్చి తీశారు. అతనికి మెమో వచ్చింది. గూడెంలో మాత్రం "మనవాడు ఉండి ఏం లాభం" అన్నారు. పెద్దమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఒకరాత్రి మా ఇంటికొచ్చి అడిగాడు. "సారూ, నేను చేసింది చాలదా? ఆరోజు జేసీబీ ముందు కూర్చోవాల్సిందా? ఉద్యోగం వదిలేయాల్సిందా?" వదిలేస్తే ఆ బీటుకు ఎవరొస్తారో నాకు తెలుసు. ఉంటే ఎన్ని కాగితాలు రాయగలడో కూడా తెలుసు. నీది తప్పు కాదు అనలేదు, తప్పు అనీ అనలేదు. అన్నం తినిపోరా అన్నాను.

మొన్న సంతలో కలిశాడు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీలోనే ఉన్నాడు. పెద్దమ్మ ఇప్పపువ్వు అమ్ముతోంది. ఇతను దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె తలెత్తి చొక్కా చూసింది, తర్వాత మొహం చూసింది. "దరఖాస్తు ఏమైందిరా?" అంది, అతని చిన్నప్పటి ముద్దుపేరు కలిపి. అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, పక్కనే నేలమీద గొంతుకూర్చుని చదివి వినిపించడం మొదలుపెట్టాడు.