నిప్పు దగ్గర ఎవరు కూర్చున్నారు?

కోటబొమ్మాళి

చిరంజీవి చిన్నబాబుకి తాత ఆశీస్సులు.

మీ హాస్టల్లో మెస్ కమిటీ ఎన్నికలని, నువ్వొక కుర్రాడి వెనక రాత్రనక పగలనక తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. అతను మంచివాడా కాదా అన్నది తరవాత సంగతి. దేన్ని చూసి ఎంచుకున్నావు బాబూ? విలియం గోల్డింగ్ 1954లో రాసిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ మొదటి అధ్యాయం మళ్లీ చదువు. విమానం కూలి, పెద్దవాళ్లెవరూ లేని దీవిలో పడ్డ పిల్లలు మొదటి రోజే నాయకుణ్ణి ఎన్నుకుంటారు. రాల్ఫ్‌కి ఓట్లెందుకు పడ్డాయి? చూడ్డానికి బాగున్నాడు, చేతిలో శంఖం ఉంది. ఆ శంఖాన్ని ఎలా ఊదాలో చెప్పిన పిగ్గీనేమో లావుగా ఉన్నాడని, ఆయాసపడతాడని నవ్వులపాలు చేశారు. పోటీకి నిలబడ్డ జాక్ వెంట వచ్చిన పాటల జట్టు మాత్రం, చెప్పినట్టు వినడం అలవాటై, జాక్‌కే చేతులెత్తింది. ఎవరికి ఏ పని వచ్చునని ఒక్కరూ అడగలేదు.

రాల్ఫ్ మంచివాడేగా అంటావేమో. మంచివాడే. దారిన పోయే ఓడలకు పొగ కనబడాలి, నిప్పు ఆరకూడదని పట్టుబట్టింది అతనే. కాని చేతులెత్తినవాళ్లు ఆటలకు పోయారు. గుడిసెలు కట్టడానికి చివరికి రాల్ఫ్, సైమన్ ఇద్దరే మిగిలారు. ఓడినవాడు నొచ్చుకోకూడదని రాల్ఫే ఆ జట్టును వేటగాళ్లుగా జాక్ చేతిలో పెట్టాడు. నిప్పు కాయాల్సినవాళ్లను జాక్ పందివేటకు లాక్కుపోయిన పూటే ఓడ వచ్చి వెళ్లిపోయింది. పిగ్గీ మీద బండ దొర్లడానికి చాలా ముందే, ఆ చల్లారిన బూడిద దగ్గరే వాళ్ల బతుకు చెడింది.

కథే కదా అంటావు. నిజంగా జరిగిందీ ఉంది. 1965లో టోంగా దేశపు ఆరుగురు బడిపిల్లలు పడవ కొట్టుకుపోయి, అటా అనే నిర్మానుష్యమైన దీవిలో చిక్కుకున్నారు. పదిహేను నెలల తరవాత, 1966లో, పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడి కంటపడ్డారు. తోటపనికి, వంటకి, కాపలాకి ఇద్దరిద్దరుగా వంతులేసుకున్నారు. ఒకడి కాలు విరిగితే కట్టు కట్టి, అతని పని మిగతావాళ్లు చేశారు. నిప్పు ఆరనివ్వలేదు. దీన్ని చూపించి, గోల్డింగ్ పిల్లల్ని మరీ చిన్నచూపు చూశాడంటారు. కాని ఆరుగురు స్నేహితులు వేరు, ముక్కూమొహం తెలియని గుంపు వేరు. మీ హాస్టల్ రెండో రకం, అందుకే నా బెంగ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక మన వీధిలో పనిలోకి దిగినవాళ్ల మాటే చెల్లింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడేమో ఫ్లెక్సీ మీది నవ్వు మొహాన్నీ, ఫోన్లో స్టేటస్ పాటనీ చూసి నాయకుడనేస్తున్నారు. నాకు బాధగా ఉంది.

ఇక అసలు మాట. అతనికి తెల్లకాగితం మీద సంతకం చేసి ఇచ్చావట. అలాంటి సంతకం ఒకటి నా చేత ఏం అమ్మించిందో మన ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ రాత్రే ఆ కాగితం అడిగి తీసుకుని చింపెయ్యి. తెల్లారగట్ల కూరగాయల బండి వచ్చే వేళకి మెస్సు వెనక్కి వెళ్లు. తూకం దగ్గర ఎవరు నిలబడుతున్నారో నాలుగు రోజులు చూడు. మీవాడు ఒక్క రోజైనా కనబడకపోతే ఓటెయ్యకు. కనబడితే వెయ్యి, మర్నాటి నుంచి నీ వంతుకి నువ్వూ వెళ్లి నిలబడు. కొత్తమ్మతల్లి జాతరకి వచ్చేటప్పుడు మెస్సు లెక్కలు రాసుకుని తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ తాత