తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?

(అపొస్తలుల కార్యములు 6:1-7 చదువుడి)



రొళ్ల ప్రాంతపు మెట్టరైతు కష్టము మీరెరుగనిది కాదు. సాలుకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షమే పడు సీమ యిది. వేరుసెనగ కళ్లములో నుండగానే అప్పిచ్చినవాడు వచ్చి నిలుచును. చింతపండు హిందూపురము మార్కెట్టుకు పోవును. పంట చేతికివచ్చిన దినములలో చౌకగా అమ్ముకొనినవాడే, కొన్ని నెలలైన పిమ్మట కందిబేడలను, నూనెను, రాగులను అంగడిలో చిల్లరగా, ప్రియముగా కొనుచున్నాడు. ఇది చూచి, కొన్ని కుటుంబములు కూడి తిండిగింజలను తామే కొని, నిలువచేసి, న్యాయమైన వెలకు పంచుకొందమని తలంచినయెడల అది దేవునికి ప్రీతికరమైన తలంపే.

అట్టి ఆహార సహకార సంఘమును గూర్చి మాటలాడునప్పుడు పెద్దలు మొదట అడుగు ప్రశ్న "ఎందరు చేరుదురు?" అనునది. దానికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. చేరువారు ఏమిగా చేరుదురు? పుచ్చుకొనువారుగానా, యజమానులుగానా?

యెరూషలేములోని ఆదిసంఘము ఈ ప్రశ్ననే ఎదుర్కొనెను. అక్కడ రొట్టె చాలలేదని వ్రాయబడలేదు. పంచుటలో లోపము కలిగెను. గ్రీకుభాష మాటలాడువారి విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడిరి. అపొస్తలులు సణిగినవారిని గద్దింపవచ్చును. లేక ఆ విధవరాండ్రకు రెండు రొట్టెలు ఎక్కువిచ్చి ఊరకుండజేయవచ్చును. ఆ రెండును చేయక, శిష్యుల సమూహమునంతటిని పిలిచి, ఏడుగురిని మీరే యేర్పరచుకొనుడని చెప్పిరి. ఆ ఏడుగురి పేళ్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేళ్లే. ఆ వెంటనే శిష్యుల సంఖ్య మిక్కిలి విస్తరించినట్లు లూకా వ్రాయుచున్నాడు. సంఖ్య పెరుగుటకై వారు బల్లను సరిచేయలేదు. బల్ల సరియైనందున సంఖ్య పెరిగెను.

ఈ పాఠమునే జర్మనీ దేశములో ఒక భక్తిపరుడు మెల్లగా నేర్చుకొనెను. ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ రైఫైజెన్ అను ఆయన వాయర్‌బుష్ అను పల్లెసీమకు అధికారిగా నుండెను. 1846-47 కరవులో ఆయన కలిగినవారియొద్ద సొమ్ము కూర్చి, పిండి తెప్పించి, రొట్టెల పొయ్యి కట్టించి, బీదలకు రొట్టె అప్పుగా ఇప్పించెను. మంచి పనియే. అయినను కలిగినవారి దయమీద ఆనుకొనిన సహాయము వారి ఉత్సాహముతోకూడ చల్లారునని ఆయన సంవత్సరముల అనుభవముచేత గ్రహించెను. కాబట్టి 1864లో హెడ్డెస్‌డార్ఫులో స్థాపించిన సంఘములో, అప్పు కావలసిన రైతులే సభ్యులైరి, ఒకరికొకరు పూచీపడిరి. మద్రాసు ప్రభుత్వ ఉద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతులను పరిశీలించి 1890వ దశకములో నివేదిక వ్రాసెను. 1904లో మన దేశమునకు మొదటి సహకార పరపతి చట్టము వచ్చెను. అనంతపురము జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే.

ఇందులో మన హృదయమును గుచ్చు సంగతి యొకటి కలదు. ఇచ్చుట ఇచ్చువానికి తియ్యగా నుండును. బీదవాడు చేయి చాచినంతకాలము నేను పెద్దను. అతడు వాటాదారుడై "పోయిన నెల బేడలు ఏ వెలకు కొంటిరి?" అని అడిగిన దినమున నా పెద్దరికము దిగిపోవును. ఆ దినమును సంతోషముతో ఓర్చుకొనగలవాని దానమే ప్రేమ; మిగిలినది చాలవరకు మన ఘనతకొరకే.

కావున మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది వాటా. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమందు 1844లో 28 మంది వారమునకు కొన్ని పెన్నీల చొప్పున కూర్చి, తలకొక పౌను వాటా చేసి, పిండి, వెన్న, చక్కెరవంటి కొద్ది వస్తువులతో అంగడి తెరచిరి. సభ్యునికి ఒక్క ఓటే. మన స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని తీసి దాచు అలవాటు ఎరుగుదురు. ఆ పిడికిలి నేర్పిన క్రమముతోనే వాటాయు కూడవలెను. కూలి దొరకని వారమున గడువియ్యుడి. లేక గింజలు చెరుగుట, తూచుట మొదలైన పనిగా చెల్లింపనియ్యుడి. అయితే బీదవాడని జాలిపడి మాఫీ చేయకుడి. మాఫీ చేసినయెడల అతడు మరల పుచ్చుకొనువాడే యగును.

రెండవది పద్దు. పౌలు యెరూషలేము బీదలకొరకు కానుక పోగుచేసినప్పుడు, తనమీద నింద రాకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంట నుంచుకొనెను. అపొస్తలునికే సాక్షి కావలసివచ్చినయెడల మన కార్యదర్శికి అక్కరలేదా? నెలకొకసారి పద్దును అందరియెదుట బిగ్గరగా చదువుడి. ఇది కన్నడ సరిహద్దు. తెలుగులోను కన్నడములోను చదువుడి. అక్షరము రానివారికి లెక్క రాదని తలంపవద్దు. జహీరాబాదు ప్రాంతములో 1990వ దశకమందు దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీలోని దళిత స్త్రీలు, బీడుభూములను దున్నుటకు రైతులకు అప్పిచ్చి, దానిని జొన్నలుగా తిరిగి పుచ్చుకొని, ఊరిలోనే నిలువచేసి, పనిలేని నెలలలో బీదలకు తక్కువ వెలకు ఇచ్చిరి. ఎవరెంత బీదలో ఊరివారి యెదుటనే తేల్చిరి. గాదెకు రెండు తాళములు వేయుడి. ఒక తాళపుచెవి అధ్యక్షునియొద్దను, రెండవది మిక్కిలి బీద కుటుంబములలోనుండి సభ్యులు ఏర్పరచుకొనిన స్త్రీయొద్దను ఉండనిండు.

మూడవది తలుపు. ఇది విశ్వాసులకు మాత్రమేనా అని కొందరడుగుదురు. రాచ్‌డేల్‌వారు సభ్యుని మతమును అడుగలేదు. అరణ్యములో అయిదువేలమందికి రొట్టె పంచినప్పుడు మన ప్రభువును ఎవరి విశ్వాసమును అడుగలేదు. ఊరివారు గాని కాలనీవారు గాని, వాటా పెట్టి నియమమును ఒప్పుకొనువాడెవడైనను సభ్యుడే. మందిరమునకు జనులను రప్పించుటకు గాదెను ఎరగా చేయకుడి. గింజలు చల్లి పక్షిని పట్టువాడు వేటకాడే గాని విత్తువాడు కాడు.

ఇది మన నేలలో జరుగదని చెప్పవద్దు. మనకు దూరము కాని రొద్దము, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలములలో చిన్నరైతులు 2008లో ధరణి అను సహకార సంఘముగా కూడిరి. ప్రభుత్వ వాటాధనముమీద ఆనుకొనక స్వంతముగా నడుచుకొనుటకు వీలిచ్చు 1995నాటి పరస్పర సహాయక సహకార చట్టము క్రింద, తమ చిరుధాన్యములను, వేరుసెనగను తామే కూర్చి, శుద్ధిచేసి అమ్ముకొనుచున్నారు. అదే ఎండ, అదే వాన.

కాబట్టి, సహోదరులారా, సహోదరీలారా, తలుపు తెరచుటకు ముందు మీ ఊరిలో మిక్కిలి బీద యింటికి నడిచిపోవుడి. "నీకు గింజలిచ్చెదము" అని చెప్పకుడి. "నీవు రాక మేము మొదటి కూటము జరుపము" అని చెప్పుడి. ఆమె వచ్చి కూర్చుండి, తన మాట చెప్పినయెడల, రెండవ ఇంటిని ఆమెయే పిలుచుకొని వచ్చును.

ఇచ్చుటకు చేతులను, తాళపుచెవి అప్పగించుటకు వినయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.