ముంపు లెక్క

అరిజోనా ఉత్తరపు అంచున పేజ్ అనే ఊరుంది. 1957కి ముందు అక్కడ ఊరే లేదు. గ్లెన్ కాన్యన్ డ్యాం కట్టేవాళ్ళ కోసం ఎర్రమట్టి మెట్ట మీద వేసిన క్యాంపు అది. ఆ నేల నవాహో జాతిది. యూటాలో వేరే భూమి ఇచ్చి ప్రభుత్వం మార్చుకుంది. అక్కడికి వెళ్ళే మనవాళ్ళకి తెలిసినవి రెండే. నది గుర్రపునాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ ఒకటి, కంప్యూటర్ తెరల మీద కనిపించే యాంటిలోప్ కాన్యన్ రెండోది. ఒక్క రోజులో రెండూ చూసేసి, పులిహోర డబ్బాలు ఖాళీ చేసి హైవే ఎక్కేస్తాం.

మేమూ అలాగే వెళ్ళాం. కాకపోతే ఈసారి కారులో మా మావగారున్నారు. ఆయన ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు, కుర్రతనంలో శ్రీశైలం ప్రాజెక్టు మీద పనిచేశారు.

యాంటిలోప్ కాన్యన్‌లోకి నవాహో గైడు లేకుండా వెళ్ళనివ్వరు. 1997 ఆగస్టులో ఎక్కడో ఎగువన కురిసిన వానకి ఆ ఇరుకు సందులోకి వరదొచ్చి 11 మంది పోయారు. మా గైడు నడివయసు మనిషి. మావగారు ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న రాళ్ళ గురించి కాదు. "మీ ఇంటికి నీళ్ళు ఈ లేక్ పావెల్ నుంచేనా?" అన్నారు. ఆవిడ నవ్వింది. వాళ్ళమ్మ ఇంటికి కొళాయి లేదట, పికప్ ట్రక్కులో ట్యాంకు పెట్టుకుని పేజ్ నుంచి తోలుకుంటారట. ఆవిడొక్కతే కాదు, నవాహో నేషన్‌లో పది ఇళ్ళకి మూడిళ్ళ దాకా ఇదే పరిస్థితి.

మధ్యాహ్నం డ్యాం దగ్గరికెళ్ళాం. 710 అడుగుల ఎత్తు. మావగారు పిట్టగోడ పట్టుకుని ఆ కాంక్రీటు వంపుని, సొంత మనవణ్ణి చూసుకున్నట్టు చూశారు. నేను ఎదురుగా కొండల మీద తెల్లటి చార చూశాను. నీరు తగ్గిన మేరకి రాతి మీద మిగిలిన సున్నపు పూత అది, వంద అడుగులకి పైనే ఉంటుంది. 1963లో గేట్లు మూస్తే జలాశయం నిండడానికి 1980 దాకా పట్టింది. 2023 మొదట్లో నాలుగో వంతు కూడా లేకుండా పోయింది.

ఈ డ్యాం కథలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టేది ఒక పుస్తకం పేరు. 1950లలో ఎకో పార్కు దగ్గర కట్టాలనుకున్న డ్యాంని సియెరా క్లబ్ పోరాడి ఆపించింది. గ్లెన్ కాన్యన్ జోలికి మాత్రం పోలేదు. ఆ క్లబ్‌ని నడిపిన డేవిడ్ బ్రోవర్ తర్వాత వచ్చి ఆ లోయ చూశాడు, బతికినన్నాళ్ళూ బాధపడ్డాడు. 1963లో ఆ ఫోటోలతో క్లబ్ వేసిన పుస్తకం పేరుకి అర్థం "ఎవరూ ఎరగని చోటు" అని. ఎవరూ అంటే ఎవరు? ఆ లోయలోని రెయిన్‌బో బ్రిడ్జ్ నవాహోలకి పవిత్రస్థలం. దాని కిందకి నీళ్ళొచ్చాయని వాళ్ళు కోర్టుకెక్కి ఓడిపోయారు. అంటే కాన్యన్ కోసం ఏడ్చినవాళ్ళ లెక్కలో కూడా వాళ్ళు మనుషుల్లోకి రాలేదన్నమాట.

"మా లెక్కల్లో అన్నీ ఉండేవి," అన్నారు మావగారు. "ఎకరాలు, ఇళ్ళు, బావులు, చింతచెట్లు కూడా. ఊరికి మాత్రం కాలమ్ లేదు." శ్రీశైలం కింద వంద దాకా ఊళ్ళు మునిగాయి. 1981లో ఖాళీ చేయించేటప్పుడు పోలీసుల్ని పెట్టి ఇళ్ళు కూల్చారు.

మనవైపు దీనికో అందమైన మాట ఉంది, "నిర్వాసితుల త్యాగం". సభల్లో మంత్రులు అంటారు, పేపర్లు రాస్తాయి. నాకా మాట గిట్టదు. ఇవ్వనని చెప్పే వీలున్నవాడు ఇస్తేనే త్యాగం. తీసేసుకున్నదాన్ని త్యాగం అనడంలో ఒక సౌకర్యముంది: దానం పుచ్చుకున్నవాడికి బాకీ ఉండదు, దండం పెడితే చాలు. అదే అప్పు అంటే అసలూ వడ్డీ లెక్క కట్టాల్సొస్తుంది.

"అయితే కట్టొద్దంటావా బాబూ? మీ నాన్న జొన్నచేను మాగాణి అయింది దేనివల్ల?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. మాది పల్నాడు, సాగర్ కుడికాలువ ఆయకట్టు. నా చదువూ, ఈ అమెరికా, ఆ నీళ్ళే. కట్టొద్దని నేననలేను. లాభం నష్టం కంటే ఎక్కువని ఒప్పుకుంటాను కూడా. కానీ లాభం ఒకరి ఖాతాలోనూ నష్టం ఇంకొకరి ఖాతాలోనూ పడ్డప్పుడు కూడికలు తీసివేతలు చేయడం కుదరదు. మన వాటాలోంచి వాళ్ళకి చేరితేనే అది లెక్క. నాగార్జునకొండ శిల్పాల్ని 1954 నుంచి 1960 దాకా తవ్వి కొండపైకి చేర్చాం. ఇక్కడా ముంపుకి ముందు తవ్వకాలు జరిపి పాతకుండలు మ్యూజియానికి పంపారు. వస్తువుల్ని దాటించడం రెండు దేశాలకీ చేతనయింది.

2023లో నవాహోల నీటి కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. 1868 ఒప్పందం ప్రకారం వాళ్ళకి నీళ్ళు సమకూర్చే బాధ్యత ప్రభుత్వానికి లేదని అయిదుగురు తీర్పు చెప్పారు, నలుగురు విభేదించారు.

తిరుగు దారిలో మావగారు సంగమేశ్వరం గురించి చెప్పారు. శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆ గుడి బురదలోంచి బయటపడుతుంది, జనం వెళ్ళి పూజలు చేస్తారు. ఇక్కడా నీళ్ళు తగ్గితే కెథీడ్రల్ ఇన్ ది డెజర్ట్ అనే రాతి గుహ తేలుతుందని, పడవల్లో వెళ్ళి ఫోటోలు తీసుకుంటారని చెప్పాను.

"ఆ గైడమ్మ వెళ్ళిందో లేదో, అడగాల్సింది," అన్నారాయన.